చైను పడిన చోటు

ఏ వూరికి పోయినా నా కళ్లు ముందు వెతికేది ఒక్కటే. పల్లె ఎక్కడ?

బస్సు దిగీ దిగంగానే చూస్తాను. గుడి ఎటుంది, రచ్చబండ ఎటుంది, మేడలు ఎటున్నాయి. అవి తెలిస్తే చాలు, పల్లె ఎటుంటుందో చెప్పేయొచ్చు. వూరికి దిగువన, మురుగు పారే దిక్కున, మా మీది గాలి వూరి మీదికి పోకుండా వుండే వైపున. డీఎస్సీలో ఉద్యోగమొచ్చి మొదటి స్కూల్లో చేరిన రోజు కూడా ఎవర్నీ దారి అడక్కుండానే మాదిగపల్లెకి నడిచిపోయాను. అరుగు మీద ఒక ముసలాయన కూచుని వున్నాడు. "ఎవరయ్యా నువ్వు?" అన్నాడు. "మనోళ్లమే తాతా" అన్నాను. ఆ ఒక్క మాటకి లోపలినించి మంచినీళ్లొచ్చాయి.

2024 మే నెలాఖర్న ఫ్రాన్సు దేశంలో ఒక కొండ వూళ్లో నిలబడి కూడా అదే వెతికాను. వూరి పేరు రాసేటప్పుడు సెయింట్ సావిన్ అని వుంటుంది, పలికేటప్పుడు సాన్ సావాన్ అంటారు. స్పెయిను సరిహద్దు దగ్గర, పిరనీస్ కొండల్లో, లోయ మీదికి తొంగి చూస్తున్నట్టుండే చిన్న వూరు. చర్చి ఎటుందో చూశాను. చావడి ఎటుందో చూశాను. ఆ తర్వాత నా కళ్లు వాటంతటవే దిగువకి పోయాయి.

పక్కనున్న మావోడు కనిపెట్టాడు. "పల్లె కోసం చూస్తున్నావా? ఇక్కడ పల్లె వుండదురా. వూరంతా ఒకటే వూరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గంటసేపే మిగిలింది.

చెప్పులు కుట్టేవాడి కొడుకు, గవర్నమెంటు బడిపంతులు, ఫ్రాన్సులో తిరగడమేంటని మీకు అనుమానం రావచ్చు. నన్ను అక్కడిదాకా తీసుకుపోయింది సైకిలు. అందుకని ముందు సైకిలు గురించి చెప్పాలి.

మాది చీరాలకీ పర్చూరుకీ మధ్య ఒక వూరు. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నించి బాపట్ల జిల్లా. నేను పుట్టడానికి మూడేళ్ల ముందు, 1985 జూలైలో, మాకు దగ్గర్లోని కారంచేడులో మా వాళ్లు తాగే నీళ్ల చెరువు దగ్గర బర్రెలకి కుడితి పెట్టిన బక్కెట్లు కడుగుతుంటే వద్దన్నారు మనవాళ్లు. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మా అమ్మ నన్ను నీళ్లకి పంపినప్పుడల్లా "ఎవరితో మాట్లాడబాక, బిందె దించి పక్కన నిలబడు" అని చెప్పేది. ఎందుకో చెప్పేది కాదు.

మా నాన్న చెప్పులు కుట్టేవాడు, కోతలప్పుడు కూలికి పోయేవాడు. ఎవరి దగ్గరో పాత అట్లాస్ సైకిలు కొన్నాడు. తోలు, అట్టలు, మేకులు తెచ్చుకోడానికి చీరాల పోయేవాడు. ఒక్కోసారి నన్ను కడ్డీ మీద కూచోబెట్టుకునేవాడు. నాకప్పుడు ఆరేడేళ్లు. గంట నా చేతికిచ్చేవాడు. పల్లె దాటి, కాలవ కట్ట దాటి, వూరి నడివీధి మొదట్లోకి రాంగానే నాన్న సైకిలు దిగేవాడు. నన్నూ దించేవాడు. వీధి చివరిదాకా నెట్టుకుంటా నడిచేవాడు. అక్కడ మళ్లీ ఎక్కేవాడు.

"ఎందుకు దిగావు నాన్నా?"

"చైను పడిందిరా."

వచ్చేటప్పుడూ అంతే. మళ్లీ అదే వీధి, మళ్లీ చైను పడేది. ఒకరోజు వంగి చూశాను. చైను బాగానే వుంది. "పడలా నాన్నా" అన్నాను. నాన్న నా నెత్తిన చెయ్యి పెట్టి ముందుకి తోశాడు. ఏం మాట్లాడలేదు. గంట కొట్టొద్దని మాత్రం సైగ చేశాడు.

అది చైను కాదని తెలియడానికి నాకు ఇంకో నాలుగేళ్లు పట్టింది. కొడుకు ముందు తలొంచుకోవడం ఇష్టం లేక ఆయన చైను మీద పెట్టాడని అర్థం కావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఉద్యోగమొచ్చాక నేను మొదట కొన్నది సైకిలే. స్కూలు 14 కిలోమీటర్లు. బైకు కొనుక్కోవచ్చు గదా సారూ అనేవాళ్లు. నాకు తొక్కడం కావాలి. ఆదివారాలు దూరం పోవడం మొదలుపెట్టాను. సైకిలు మీద 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కితే బ్రెవె అని ఒక కాగితం ఇస్తారు. ఆ మాటా ఆ పద్ధతీ ఫ్రాన్సునించే వచ్చాయి. ఆ కాగితం ఇంటికి తెస్తే మా అమ్మ డిగ్రీ సర్టిఫికెట్ పక్కన మేకుకి తగిలించింది.

హాస్టల్లో నాతోపాటు చదివిన మావోడు ఇంజనీరింగు చేసి తులూజ్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఇద్దరికీ ఒకటే ట్రంకుపెట్టె, చలికాలం ఒకటే దుప్పటి. "సెలవులకి రారా, కొండల్లో తొక్కుదాం" అని మూణ్ణేళ్లుగా పిలుస్తున్నాడు. చీటీ పాడుకున్నాను. విదేశం పోవడానికి డిపార్ట్‌మెంటు అనుమతి తెచ్చుకున్నాను. మే 13న ఎలక్షన్ డ్యూటీ చేసి, పది రోజుల తర్వాత విమానం ఎక్కాను.

తులూజ్ నించి రైలు మీద లూర్దు. గుణదల పోయినవాళ్లకి లూర్దు మాత పేరు కొత్త కాదు. ఆ లూర్దే. అక్కడ సైకిళ్లు అద్దెకి తీసుకుని, పాత రైలుకట్ట మీద వేసిన సైకిలు దారిలో అర్జెలెస్ అనే పట్నం చేరాం. మర్నాడు సూలోర్ కనుమ ఎక్కాం. దాదాపు 20 కిలోమీటర్లు ఎక్కుడే. పైన బోర్డు మీద 1474 మీటర్లని వుంది. దారిలో ఒక వూళ్లో నీళ్లయిపోయాయి. వీధిలో రాతి తొట్టె, దాని మీద పంపు. పైన చిన్న రేకు మీద "ఓ పోతాబ్ల్" అని రాసుంది. తాగే నీళ్లని అర్థమట. నేను సీసా తీసి కూడా పంపు ముట్టుకోలేదు. అటూ ఇటూ చూశాను. ఎవరన్నా వచ్చి పోస్తారేమోనని చూసినట్టున్నాను. ముప్పై ఆరేళ్లవాణ్ణి, పిల్లలకి రాజ్యాంగం పదిహేడో అధికరణం పాఠం చెప్పేవాణ్ణి. నా చెయ్యి మాత్రం మా అమ్మ చెప్పినట్టే ఆగింది. మావోడు వెనకనించి "పట్టుకోరా" అన్నాడు. పట్టుకున్నాను. మంచు కరిగిన నీళ్లు. పళ్లు జివ్వుమన్నాయి.

ఆ రాత్రి తొడలు రాళ్లయ్యాయి. మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. రేపు సైకిలు ముట్టుకునేది లేదు, నడిచి వూరు చూద్దాం అన్నాడు మావోడు. అట్లా సాన్ సావాన్ వెళ్లాం. అర్జెలెస్ నించి నడిచిపోయేంత దూరంలోనే, ఎత్తు మీద వుంది.

నడివూళ్లో చిన్న బజారు. చెక్క దూలాలు బైటికి కనపడే పాత ఇళ్లు. కిటికీల్లో పూలకుండీలు. ఇటువంటి వూళ్లన్నింట్లో వుండేట్టే ఇక్కడా యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి. పంచాయితీ ఆఫీసులాంటి దాన్ని మెరీ అంటారు. అక్కడివాళ్ల మెరీల మీద మూడు మాటలుంటాయి. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. నేను సోషల్ టీచర్ని. తొమ్మిదో తరగతిలో ఏటా ఫ్రెంచి విప్లవం చెప్తాను. ఏటా ఆ మూడు మాటలూ బోర్డు మీద రాస్తాను. రాసిన ప్రతిసారీ ఒక మాట కలుపుతాను. ఈ మూడింటినీ నేను ఫ్రెంచి విప్లవం నించి అరువు తెచ్చుకోలేదు, బుద్ధుడి దగ్గర నేర్చుకున్నానని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1954లో రేడియో ప్రసంగంలో చెప్పాడని. ఆ మాటలు పుట్టిన దేశంలోనే వాటిని గోడ మీద చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, గుండె కొట్టుకుంది. ఫోటో తీసుకున్నాను.

అక్కణ్ణించి చర్చిలోకి పోయాం. పన్నెండో శతాబ్దంలో కట్టిన మఠం చర్చి. బైట ఎండ, లోపల నూతిలో దిగినట్టు చల్లగా వుంది. 1557 నాటి ఆర్గను పెట్టె వుంది, దాని మీద వెక్కిరించే మొహాలు చెక్కారు. వాయిస్తుంటే ఆ మొహాలు కళ్లు తిప్పుతాయట. అవి చూసి నవ్వుకుంటా వస్తుంటే గోడవార ఒక రాతి తొట్టె కనపడింది. చర్చిలోకి వచ్చేవాళ్లు వేళ్లు ముంచి సిలువ గుర్తు వేసుకునే పవిత్ర జలం తొట్టె. కింద రెండు చిన్న మనిషి బొమ్మలు దాన్ని మోస్తున్నాయి. ఒక పెద్దావిడ అక్కడ కొవ్వొత్తులు సర్దుతోంది. మేం ఆగడం చూసి ఏదో చెప్పింది. మావోడు తెలుగు చేశాడు.

"ఇది కగోలు అనేవాళ్ల తొట్టెట."

"అంటే?"

"వాళ్లకి వేరే తొట్టెట. మిగతావాళ్ల తొట్టె ముట్టుకోకూడదట."

నేను ఇంకోసారి అడిగాను. ఆవిడ ఇంకోసారి చెప్పింది. తప్పు వినలేదు.

ఆవిడ ఆ పూట చెప్పిందీ, తిరిగొచ్చాక నేను చదివిందీ కలిపి రాస్తున్నాను. చదివే విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలని.

పిరనీస్ కొండలకి ఇటు ఫ్రాన్సులోనూ అటు స్పెయినులోనూ వందల ఏళ్లు కగోలని ఒక జనాన్ని దూరంగా పెట్టారు. స్పెయిను వైపు అగోతెలంటారు. రంగు వేరు కాదు. భాష వేరు కాదు. మతం వేరు కాదు, అందరూ క్రైస్తవులే. చూస్తే గుర్తుపట్టలేరు. గుర్తుపట్టడానికి బట్టల మీద ఎర్రగుడ్డతో బాతుకాలు గుర్తు కుట్టుకోమన్నారు. వూరికి ఎడంగా, ఏటికి అవతల ఇళ్లు. చాలా చర్చిల్లో వాళ్లకి పక్కన చిన్న తలుపు. కొన్ని తలుపులు ఎంత కురచంటే నడుం వంచకుండా లోపలికి రాలేరు. లోపల వేరే చోటు. ప్రసాదం రొట్టె చేతికివ్వకుండా పొడుగు కర్రకి గుచ్చి అందించేవాళ్లని రాశారు. చస్తే వేరే శ్మశానం. పెళ్లి వాళ్లలో వాళ్లే చేసుకోవాలి. వట్టికాళ్లతో నడవకూడదు, నేల మైలపడుతుందట.

ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు వూరుకున్నాను. అక్కడ వాళ్లు చెప్పుల్లేకుండా నడవకూడదు. ఇక్కడ మా తాత చెప్పులేసుకుని వూళ్లో నడవకూడదు. ఆ చెప్పులు కుట్టింది మా తాతే.

వాళ్లు చేసే పని ఎక్కువగా వడ్రంగం. భూమి లేదు, పశువుల్లేవు, చెక్కపని చెయ్యొచ్చు. చెక్కకి మైల లేదని. ఇళ్లు కట్టారు, చర్చిలకి దూలాలెత్తారు. తాము ఎత్తిన దూలం కింద తామే కురచ తలుపులోంచి వంగి వచ్చారు. మా తోలు లేకుండా డప్పు లేదు, డప్పు లేకుండా జాతర లేదు, జాతర చేసుకునే గుడిలోకి మేం లేం. ఆ లెక్క నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

కాకపోతే ఒక తేడా వుంది. 1878లో ఒంగోలు మిషను క్లౌ దొర హయాంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. మా నాన్న తాత తండ్రి ఆ రోజుల్లోనే కలిశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ చర్చి మా పల్లెలోనే వుంది. అందులోకి వూరివాళ్లెవరూ రారు. అందుకని మాకు చిన్న తలుపు అవసరం పడలేదు. అక్కడ ఒకటే గుడికి రెండు తలుపులు. ఇక్కడ మొత్తం గుడే వేరు.

ఎందుకు దూరం పెట్టారంటే ఒక్కొక్కళ్లు ఒక్కో కథ చెప్పారు. కుష్టువాళ్ల సంతతన్నారు. ఓడిపోయిన సైన్యాల సంతతన్నారు. వాళ్ల రక్తం వేరన్నారు. వైద్యులు పరీక్ష చేసి వీళ్ల రక్తంలో ఏ తేడా లేదు, అందరిలాంటి మనుషులే అన్నారు. అయినా తలుపు ఎత్తు పెరగలేదు. వాళ్లు వూరుకోలేదు కూడా. స్పెయిను వైపువాళ్లు పోపుకి అర్జీ పెట్టుకుంటే 1515లో పదో లియో పోపు వీళ్లని మిగతావాళ్లతో సమానంగా చూడమన్నాడు. వూళ్లు వినలేదు. 1683లో పద్నాలుగో లూయీ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. వూళ్లు సగం విన్నాయి. 1789 విప్లవంతో చట్టం దృష్టిలో తేడా పోయింది. ఆ తర్వాత కూడా పెళ్లిళ్ల దగ్గరికొచ్చేసరికి గుర్తుపెట్టుకునే వున్నారు. పోపు మాటకీ చట్టానికీ మధ్య రెండు వందల డెబ్భై నాలుగేళ్లు. మా రాజ్యాంగానికి 1950 నించి ఎన్నేళ్లో మీరే లెక్కపెట్టుకోండి.

మళ్లీ ఆ చర్చిలోకి వస్తాను. అక్కడ ఇంకోటి జరిగింది.

ఆవిడ చెప్పడం ఆపి నన్ను ఏదో అడిగింది. ఆ మాటల్లో "ఆంద్" అని వినపడింది. ఇండియా. "కాస్త్" అని వినపడింది. నాకు ఫ్రెంచి రాదు గాని ఆ మాట ఏ దేశంలో ఏ యాసలో అన్నా నా చెవి పట్టుకుంటుంది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏం లేదు. మనది ఇండియాలో ఏ వూరంటోంది."

మావోడు నా మొహం చూడలేదు. తొట్టె కింద బొమ్మల్ని చూస్తున్నాడు. పాతికేళ్ల స్నేహం. హాస్టల్లో అన్నంలో పురుగొస్తే ఇద్దరం కలిసి వార్డెను గది ముందు కూచున్నవాళ్లం. నాకు కోపం రాలేదు. మా నాన్న సైకిలు నెట్టుకుంటా నడవడం కళ్లముందు కనపడింది. చైను పడిందిరా.

నేను ఆవిడ వైపు తిరిగి తొట్టె చూపించాను. తర్వాత నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆవిడకి అర్థమైంది. అయ్యో అనలేదు. కళ్లనీళ్లు పెట్టలేదు. అందుకు ఆవిడంటే నాకు గౌరవం. కాసేపాగి ఒక మాట అంది. ఈసారి మావోడు వున్నది వున్నట్టే చెప్పాడు.

"వాళ్ల నాయనమ్మవాళ్లది వడ్రంగుల ఇల్లట. మేమూ కగోలమే అయ్యుంటాం, ఎవరికి తెలుసు అంటోంది."

అని ఆవిడ నవ్వింది. మళ్లీ కొవ్వొత్తులు సర్దుకుంది.

ఎవరికి తెలుసు. ఆ మాట నన్ను ఆ రోజంతా వదల్లేదు. మా వూళ్లో ఆ మాట అనగలిగేవాడు ఒక్కడు లేడు. మా వూళ్లో అందరికీ అందరిదీ తెలుసు.

బైటికొచ్చి లోయ కనపడే చోట బెంచీ మీద కూచున్నాం. రొట్టె, జున్ను తెచ్చుకున్నాం. మావోడు తినలేదు. కాసేపటికి తనే మొదలుపెట్టాడు.

"నీకేం, నువ్వు మన వూళ్లో వున్నావు. అక్కడ అందరికీ తెలుసు కాబట్టి దాచేది లేదు. ఇక్కడ మనవాళ్లు ఉగాదికి కలుస్తారు. పులిహోర ప్లేటు చేతికిచ్చేలోపు మీ ఇంటిపేరేంటి, మీరేవిట్లు అంటారు. మొదట్లో నిజం చెప్పాను. తర్వాత రెండు ఉగాదులకి పిలుపు రాలేదు. ఎవరూ ఏమీ అనలేదు. పిలుపు రాలేదంతే. నా కూతురికి ఆడుకోడానికి తెలుగు పిల్లలు లేరు. మూడో ఏడు ఇంకో చోట ఇంకోటి చెప్పాను."

"ఏం చెప్పావు?"

చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

"ఆ ముసలావిడ మాట విన్నావా?" అన్నాడు. "ఎవరికి తెలుసు అంది. వాళ్లు బాగుపడింది అట్లాగేరా. మర్చిపోయారు. కలిసిపోయారు. నువ్వేమో సభలంటావు, వ్యాసాలంటావు, ప్రతిరోజూ గుర్తుచేస్తావు. గుర్తుచేస్తే ఎట్లా పోద్ది? నా కూతురన్నా ఎవరికి తెలుసు అనగలగాలి."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పుడు సభల్లో చెప్పినంత తేలిగ్గా అప్పుడు చెప్పలేకపోయాను. కూతురు మాట ఎత్తాడు. నాకూ కూతురుంది. రొట్టె తుంచుకుంటా లోయ వైపు చూశాను. కింద ఎవరో సైకిలు మీద పోతున్నారు, చీమంత.

చివరికి ఇట్లా అన్నాను. "ఆవిడ మర్చిపోగలిగింది ఎందుకురా? ముందు వూరు మర్చిపోయింది కాబట్టి. పిల్లనడిగేటప్పుడు ఎవరింటి పిల్లని అడగడం మానేసింది కాబట్టి. నువ్వు మర్చిపోతావు, నీ కూతురు మర్చిపోద్ది. పులిహోర ప్లేటు పట్టుకున్నవాడు మర్చిపోయాడా? సముద్రాలు దాటొచ్చి కూడా ఇంటిపేరు అడుగుతున్నాడే."

మావోడు మాట్లాడలేదు.

"ఇంకోటి. ఆ కగోల అర్జీలున్నాయి, కోర్టు కాగితాలున్నాయి. వాళ్ల మీద పండితులు రాసిన పుస్తకాలున్నాయి. వంగి లోపలికొచ్చినవాడి నడుం ఎట్లా నొప్పెట్టిందో, కొడుక్కి ఏం చెప్పాడో, ఆ మాట ఏదీ? అడుగుదామంటే ఎవర్ని అడుగుతాం? తొట్టె మిగిలింది, మనిషి మాట పోయింది."

"మాట మిగిలితే ఏమొచ్చింది?" అన్నాడు.

"నాకు మా నాన్న చైను మాట మిగిలింది. అదే లేకపోతే నేను ఈ సైకిలు ఎందుకు తొక్కుతున్నానో నాకే తెలిసేది కాదు."

వాడికి ఆ కథ తెలీదు. అంతకాలం ఒకే దుప్పట్లో పడుకుని కూడా నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను. విన్నాడు. విని, "మా అయ్య సైకిలే కొనలేదు, ఆ వీధి దాటాల్సి వస్తదని" అన్నాడు. ఇద్దరం చాలాసేపు వూరికే కూచున్నాం. ఎవరం గెలవలేదు. ఇద్దరికీ కూతుళ్లున్నారు.

దిగే ముందు మళ్లీ చర్చిలోకి పోయి తొట్టె పక్కన నిలబడ్డాను. ఫోటో తియ్యమన్నాను. "కింద ఏం రాసుకుంటావు?" అన్నాడు. "వున్నది రాసుకుంటాను" అన్నాను. తీశాడు. తను మాత్రం నిలబడలేదు.

సాయంత్రం బసకి చేరి ఇంటికి ఫోను చేశాను. అక్కడ రాత్రి పదిన్నర దాటింది. నాన్న మెలకువగానే వున్నాడు. సైకిలు గురించి అడిగాడు. ఎంత ఎత్తు ఎక్కావు, బ్రేకులు బాగున్నయ్యా, చైనుకి నూనె పెట్టావా. అన్నీ చెప్పాక అన్నాను.

"నాన్నా, ఇక్కడ కూడా వెనక మనలాంటోళ్లుండేవాళ్లు. వూరి బైట పెట్టారు. నీళ్లు వేరు, తలుపు వేరు."

"తెల్లోళ్లలోనా?"

"తెల్లోళ్లలోనే. తెల్లోళ్లనే."

కాసేపు చప్పుడు లేదు. "ఇప్పుడేమయ్యారు వాళ్లు?"

"కలిసిపోయారు నాన్నా. ఎవరెవరో ఇప్పుడు చెప్పలేరు."

మళ్లీ చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. అప్పుడడిగాడు.

"పిల్లనిచ్చారా?"

మా నాన్న మూడో తరగతి దాటలేదు. కులం గురించి నేను చదివిన పుస్తకాలు ఆయన అట్ట కూడా చూడలేదు. నేను చట్టాలు చెప్పబోతున్నాను, విప్లవం చెప్పబోతున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"ఇచ్చారు నాన్నా. తీసుకున్నారు, ఇచ్చారు."

"అయితే పోయినట్టే" అన్నాడు. "ఇక పడుకో. పొద్దున తొక్కాలి గదా."

మర్నాడు లూజ్ అనే వూరి వైపు తొక్కాం. పక్కన ఏరు, పైన కొండ. మావోడు ముందు, నేను వెనక. వూళ్లు వచ్చాయి, పోయాయి. ప్రతి వూరి నడిబజార్లోంచీ సీటు మీద కూచునే పోయాను. ఒక వూళ్లో వూరికే గంట కొట్టాను. మావోడు వెనక్కి తిరిగి చూసి, తనూ కొట్టాడు.

జూన్ 13న బడి తెరిచారు. ఆ ఫోటో తొమ్మిదో తరగతి పిల్లలకి చూపించాను. ఫ్రెంచి విప్లవం పాఠంలో మూడు మాటల పక్కన ఇప్పుడు ఈ తొట్టె కథ కూడా చెప్తున్నాను. పల్లెనించి వచ్చే పిల్ల ఒకతె అడిగింది. "సార్, తలుపు ఎవరు పెద్దది చేశారు? లోపలోళ్లా, బైటోళ్లా?" పాఠంలో లేని ప్రశ్న. ఇద్దరూ అని చెప్పాను. ముందు బైటివాళ్లు నడుం వంచమని నిలబడ్డారు, చాలా కాలానికి లోపలివాళ్లు సిగ్గుపడ్డారు అని చెప్పాను. మన దగ్గర మొదటి సగం జరిగింది. రెండో సగం ఇంకా జరగాలి.

విమానాశ్రయంలో వదిలిపెట్టేటప్పుడు మావోడు ఒక మాట అడిగాడు. "ఎప్పుడైనా ఇది రాస్తే నా పేరు రాయబాకరా." రాయనని మాటిచ్చాను. అందుకే ఇందులో అతని పేరు లేదు. అది అతని చైను పడిన చోటు. అతను ఎప్పుడు ఎక్కాలో నేను చెప్పలేను.

నా పేరు మాత్రం ఈ పుస్తకంలో వుంది. ఇంటిపేరుతో సహా.